గ్రీన్ టీ క్యాన్సర్‌ని ఆపుతుందా? ఒక పాత ఖాతా తనిఖీ

పొద్దున్నే నాతో నడకకి వచ్చే మిత్రుడొకరు ఆ మధ్య ఒక సీసా చూపించారు. గ్రీన్ టీ సారం మాత్రలు. ఆయన భార్యకి మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌కి వైద్యం జరుగుతోంది. “ఇవీ వేసుకుంటే మంచిదట. ప్రకృతిసిద్ధమైనవే కదండీ, నష్టం ఏముంది?” అన్నారు.

నేను డాక్టర్ని కాను. రక్షణ శాఖ ఖాతాల్లో బిల్లులు చూసి రిటైరైన బి.కాం. వాణ్ణి. ఓచర్ లేకుండా బిల్లు పాస్ చేసే అలవాటు లేదు. డాక్టర్ని అడగందే వెయ్యకండి అని చెప్పి, ఇంటికొచ్చి ఈ మాట ఎక్కడ పుట్టిందో వెతికాను.

పుట్టిల్లు జపాన్. 1211లోనే ఐసాయ్ అనే బౌద్ధ భిక్షువు టీ ఆయుష్షు పెంచుతుందని పుస్తకం రాశాడు. అది నమ్మకం. రసాయన శాస్త్రం 1929లో మొదలైంది. మిచియో త్సుజిమురా అనే శాస్త్రవేత్త గ్రీన్ టీ నుంచి కాటెచిన్‌ని వేరు చేసింది. టీకి వగరు ఇచ్చేవి ఈ జాతి పదార్థాలే. వాటిలో ముఖ్యమైనది ఇజిసిజి. 1987లో ఫుజికి బృందం ఎలుకల చర్మం మీద దీన్ని పూస్తే కణితులు తగ్గాయని ప్రకటించింది. 1997లో సైతామాలో 8,552 మందిని గమనించిన పరిశోధకులు, రోజుకి పది కప్పులు తాగేవాళ్లకి క్యాన్సర్ ఆలస్యంగా వచ్చిందన్నారు.

ప్రచారం ఇక్కడితో ఆగిపోతుంది. ఖాతా మాత్రం ఆగలేదు. అదే జపాన్‌లో, మియాగిలో 26,311 మంది లెక్కలు 2001లో వచ్చాయి. ఒక కప్పు కూడా తాగనివాళ్లకీ, అయిదు కప్పులు తాగేవాళ్లకీ కడుపు క్యాన్సర్‌లో తేడా లేదు. 2006లో మరో 40,530 మంది లెక్క వచ్చింది. గుండెజబ్బు, పక్షవాతం చావులు తగ్గినట్టు కనిపించాయి గానీ క్యాన్సర్ చావులు తగ్గలేదు. 2006లోనే ఇటలీలో 60 మంది మగవాళ్ల మీద చేసిన ప్రయోగంలో, టీ సారం తీసుకున్న 30 మందిలో ఒక్కరికే ప్రోస్టేట్ క్యాన్సర్ వచ్చింది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్న 30 మందిలో తొమ్మిది మందికి వచ్చింది. అందరం చప్పట్లు కొట్టాం. 2015లో అమెరికాలో 97 మంది మీద అలాంటి ప్రయోగమే చేస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. 2020లో కాక్రేన్ సంస్థ 142 అధ్యయనాల్ని, 11 లక్షల మంది వివరాల్ని కలిపి చూసి, ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని తేల్చింది.

ఎందుకిలా? గాజు పాత్రలో కణాల మీద పోసే ఇజిసిజి మోతాదు, టీ తాగాక మన రక్తంలోకి చేరేదానికి తరచు పదుల రెట్లు. పేగులు దాన్ని చాలా కొద్దిగానే లోపలికి రానిస్తాయి.

మొక్కల్లో మందు లేదని నేననడం లేదు. మన పెరట్లో బిళ్ల గన్నేరు నుంచే విన్‌క్రిస్టిన్ వచ్చింది. అమెరికాలో 1963 నుంచి క్యాన్సర్ మందుగా వాడుతున్నారు. దానికి ఓచర్ ఉంది. మనుషుల మీద పరీక్షించారు, మోతాదు తేల్చారు, హాని కూడా రాసిపెట్టారు.

ఇక ఖర్చు వైపు చూద్దాం. రోజుకి 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఇజిసిజి మాత్రలుగా తీసుకుంటే కాలేయానికి హాని సూచించే ఎంజైములు పెరుగుతున్నాయని 2018లో ఐరోపా ఆహార భద్రతా సంస్థ హెచ్చరించింది. కప్పులో టీకీ, సీసాలో సారానికీ తేడా ఇదే. 2009లో వచ్చిన మరో పరిశోధన నన్ను నిలబెట్టేసింది. మైలోమాకి వాడే బోర్టెజోమిబ్ అనే మందుని ఇజిసిజి పట్టేసుకుని పని చెయ్యనివ్వలేదు. ఇది కణాల్లో, ఎలుకల్లో చూసినది. మనుషుల్లోనూ అంతే అని నేననను. ఎలుకల ఫలితం టీకి అనుకూలంగా ఉన్నప్పుడు ఏమన్నానో, ఇప్పుడూ అదే అనాలి. కానీ లాభానికి రుజువు లేనిచోట ఆ ప్రమాదం ఎవరి కోసం?

మర్నాడు మిత్రుణ్ణి మందుల చీటీ తెమ్మన్నాను. అందులో ఆ పేరే ఉంది. సీసా తీసుకుని డాక్టర్ దగ్గరికెళ్లారు. ఆయన మాత్రలు మానెయ్యమన్నారు.

మిత్రులారా, టీ తాగండి, రుచి కోసం. నేనూ తాగుతాను. వైద్యంలో ఉన్నవాళ్లు మాత్రం ఏ మాత్ర వేసుకున్నా డాక్టర్‌కి చెప్పి వేసుకోండి. “ప్రకృతిసిద్ధం” అన్నది సీసా మీది చీటీయే గానీ ఓచర్ కాదు.