ప్రపంచము పాఠశాలకు వచ్చిన విధము

లోకజ్ఞానము అను మాటను మనము తఱచుగా వాడుచుందుము. కాని యా మాటకు మన యిండ్లలో నిలిచిన యర్థము మిక్కిలి చిన్నది. బేరమాడ నేర్చినవానిని, కచేరీలో పని చక్కబెట్టుకొని వచ్చినవానిని, పదిమందిలో బెదరక మాటాడగలవానిని లోకజ్ఞానము గలవాడందుము. లోకమందలి యితర ప్రజల కష్టసుఖము లెట్టివి, వానికిని మన కష్టసుఖములకును గల సంబంధ మెట్టిది అను వివేకమును మాత్రము ఆ పేరుతో బిలువము. ఈ రెండవ జ్ఞానమును బాలబాలికలకు బడిలోనే నేర్పవలెనని విద్యావేత్తలు చాలకాలమునుండి చెప్పుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన 1945లో యునెస్కో సంస్థ పుట్టెను. వివిధ దేశముల పాఠశాలలను ఒకదానితో నొకటి కలుపుటకు ఆ సంస్థ 1953లో ఒక సహవాస ప్రణాళికను నెలకొల్పెను. 2015లో ఐక్యరాజ్యసమితి యంగీకరించిన లక్ష్యములలోను, 2020లో భారత ప్రభుత్వము ప్రకటించిన విద్యావిధానములోను ప్రపంచ పౌరసత్వ విద్య యను మాట చేరినది.

ఇది విని కొందఱు, ఇది పరదేశపు వేడుకయనియు, మన పిల్లలకు అక్కఱలేని యాడంబరమనియు తలంతురు. చరిత్ర అట్లు చెప్పుట లేదు. ఈ విద్యకు మన తెలుగుసీమలో, అందును గుంటూరు ప్రాంతమున, నూఱేండ్లకు మించిన కథ కలదు. ఆ కథను తెలిసికొనినగాని నేడు మన పిల్లలకు ఏమి కావలెనో నిర్ణయింపజాలము.

బడులు లేని కాలమందును ప్రపంచము మన పల్లెకు రాక మానలేదు. గుంటూరు పేరు చెప్పగానే జ్ఞప్తికి వచ్చు మిరపకాయ మన నేలలో బుట్టిన పంట కాదు. అది అమెరికా ఖండమున బుట్టి, పోర్చుగీసు వర్తకుల యోడలలో మన తీరమునకు జేరినది. అంతకు ముందు మన వంటయింట కారమనగా మిరియమే. ఇక ప్రత్తి మాట. 1861లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో బానిసత్వము కారణముగా అంతర్యుద్ధము పుట్టెను. అచ్చటి ప్రత్తి యింగ్లండులోని లంకాషైరు మిల్లులకు రాకపోగా, మిల్లుల యజమానులు భారతదేశపు ప్రత్తిని వెదకిరి; ధరలు పెరిగిపోయెను. 1865లో యుద్ధము ముగియగానే యా ధరలు పడిపోయెను. గుంటూరు, కృష్ణా మండలముల ప్రత్తి కాకినాడ రేవునుండి యెగుమతి యగుచుండుటచే విదేశీ వర్తకులు దానిని కోకనాడ ప్రత్తి యనిరి. పంట మనది, రేవు మనది. ధరమాత్రము సముద్రమున కావల నిర్ణయింపబడుచుండెను. అమెరికాలోని బానిసల విముక్తికిని మన రైతు కల్లమునకును నడుమ నిట్టి సంబంధముండెను. దానిని విడమరచి చెప్పగల పంతులు మాత్రము ఆనాటి పల్లెలో లేడు.

అట్టి పంతుళ్లు మొదట బయటినుండి వచ్చిరి. 1832, 33 సంవత్సరముల నందనకఱవు గుంటూరు సీమను శ్మశానముగా జేసిపోయిన పదియేండ్లకు, 1842లో, అమెరికానుండి హేయరు అను లూథరను మతబోధకుడు గుంటూరు చేరెను. అప్పటి కలెక్టరు స్టోక్సు దొర యాయనకు తోడ్పడెను. బోధతోపాటు బడులును బుట్టెను. 1885లో ఆరంభమైన విద్యాలయము కాలక్రమమున ఆంధ్ర క్రైస్తవ కళాశాల యయ్యెను. 1883లో వచ్చిన అన్నా కూగ్లరు అను వైద్యురాలు 1898లో స్త్రీలకై యాసుపత్రిని తెఱపించి, 1930లో మరణించు వఱకును ఈ సీమనే తన యిల్లు చేసికొనెను. పురుషవైద్యునకు నాడి చూపుటకైన నొప్పుకొనని యిండ్లున్న యా దినములలో, స్త్రీ వైద్యము చదువవచ్చునను సంగతియే మన యాడువారికి ఒక ప్రపంచ పాఠము.

ఈ విద్యయొక్క గుణమును, కొఱతను రెండింటిని చెప్పవలెను. మతవ్యాప్తి వారి ముఖ్యోద్దేశము. దానిని దాచవలసిన పని లేదు. అయినను మన యగ్రహారపు బడులలో కాలు పెట్టనీయని వారికి వారి బడులలో పలక దొరకెను. కొఱత యేమనగా, ఈ పాఠము ఒకవైపునుండియే నడచెను. చెప్పువారు వారు, వినువారు మనము. తన కష్టమును ప్రపంచమునకు తానే తెలుపుకొని, ప్రపంచము కష్టమును తన కంటితో చూడగల విద్యార్థి యింకను పుట్టవలసియుండెను.

అట్టివారిలో ముఖ్యుడు ఉన్నవ లక్ష్మీనారాయణ. 1877లో సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున పుట్టిన యీయన, విదేశమునకు పోకముందే వితంతు వివాహోద్యమమున పాటుపడినవాడు. 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండు దేశమునకు బోయి డబ్లిను నగరమున జేరెను. అది యెట్టి కాలమో గమనింపుడు. అదే సంవత్సరము ఆగస్టులో డబ్లినులో కార్మిక సంఘమున చేరిన కూలీలకు యజమానులు తలుపులు మూసిరి. ఆ పోరాటము మఱుసటి సంవత్సరము జనవరి వఱకు నడచెను. ఆ కార్మికుల నాయకులలో నొకడైన జేమ్సు కానలీ, 1916 ఏప్రిలులో ఐరిషు స్వాతంత్ర్యమునకై జరిగిన తిరుగుబాటునందు పాల్గొని మరణశిక్ష నొందెను. పరపాలన, కూలివాని యాకలి అను రెండు ప్రశ్నలు ఆ నగరమున ఒక్క వీధిలోనే నడచుచుండెను.

ఆ సంవత్సరములలోనే బరంపురపు తెలుగు కుటుంబమునకు జెందిన వరాహగిరి వేంకటగిరియు డబ్లినులో న్యాయశాస్త్రము చదివెను. ఐరిషు ఉద్యమకారులతో సంబంధము కలదని 1916లో ఆయనను ఆ దేశమునుండి పంపివేసిరి. తిరిగివచ్చిన యా విద్యార్థి రైల్వే కార్మికుల నాయకుడై, తుదకు 1969లో భారత రాష్ట్రపతి యయ్యెను. పరీక్షలకై పోయినవారికి ఆ నగరమే రెండవ కళాశాల యైనదని చెప్పుట తప్పు కాదు.

లక్ష్మీనారాయణ తిరిగివచ్చిన తరువాత ఏమి చేసెనో చూచినగాని యీ విద్యయొక్క విలువ తేలదు. ఆయన బారిష్టరై ధనము కూడబెట్టుకొనలేదు. 1921లో పలనాటి రైతులు పుల్లరి పన్నునకు ఎదురుతిరిగినపుడు ఆ వ్యవహారమున బోయి నిర్బంధింపబడెను. రాయవేలూరు చెఱసాలలో మాలపల్లి నవలను వ్రాసెను. కథానాయకులు రాజకుమారులు కారు, జమీందారులు కారు. రామదాసు అను మాల రైతు, ఆయన కుటుంబము. కూలివారి కష్టము, వారిలో పుట్టిన కట్టుబాటు, భూస్వామి క్రోధము, చంపబడిన సంగదాసు — ఈ వస్తువును తెలుగు నవల అంతకు ముందు అట్లు తాకలేదు. 1917 నాటి రష్యా విప్లవపు గాలియు ఆ గ్రంథమున వీచినది. మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను.

ఇచ్చట గమనింపవలసిన విషయ మొకటి కలదు. ఐర్లండును చూచివచ్చినవాడు ఐర్లండును గూర్చి నవల వ్రాయలేదు. తన యూరి మాలపల్లెను గూర్చి వ్రాసెను. దూరపు దేశమున కూలివాని యాకలిని చూచిన కన్ను, తన యూరి పొలిమేరలో నున్న ఆకలిని మునుపటికంటె స్పష్టముగా చూడగల్గెను. ప్రపంచ విద్యకు ఇంతకంటె మంచి పరీక్ష లేదు. పరదేశపు దుఃఖమునకు కంట నీరు పెట్టి, పెరటి గుమ్మమున నిలిచిన పనిమనిషికి వేఱు గ్లాసు పెట్టువాని చదువు చదువు కాదు.

ఆ దంపతుల పని గ్రంథముతో నాగలేదు. 1922లో లక్ష్మీనారాయణయు, ఆయన భార్య లక్ష్మీబాయమ్మయు గుంటూరున శారదానికేతనమును స్థాపించిరి. దిక్కులేని బాలికలకును, వితంతువులకును అచ్చట భాషాజ్ఞానముతోపాటు చేతిపనులు నేర్పబడెను. భర్త సముద్రము దాటి వచ్చినవాడు. భార్య యీ నేలనే పని చేసినది. ఇద్దఱి చదువును ఆ బడిలో నొక్కటిగా కలిసినది.

ఐర్లండుకును ఆంధ్రమునకును నడిచిన యీ పాఠము ఒకవైపే పోలేదు. ఇదే కాలమున ఐర్లండునుండి ఇద్దఱు ఉపాధ్యాయులు మన రాయలసీమకు వచ్చిరి. 1915లో అనిబీసెంటు ప్రోత్సాహముతో మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలసెను. ఐరిషు కవి జేమ్సు కజిన్సు అచ్చట బోధించి ప్రధానోపాధ్యాయుడయ్యెను. ఆయన భార్య మార్గరెటు కజిన్సు తన దేశమున స్త్రీల వోటు హక్కునకై 1908లో ఒక సంఘమును నెలకొల్పినవారిలో నొకతె. అందుకై చెఱసాలకును పోయినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లెకు వచ్చి తన జనగణమన గీతమును వినిపింపగా, దాని స్వరమును లిపిబద్ధము చేసినది ఈమెయే. నేడు మనము పాడు జాతీయగీతపు చరిత్రలో ఒక తెలుగు పట్టణపు కళాశాలకును, ఒక ఐరిషు ఉపాధ్యాయురాలికిని చోటు కలదు.

గీతముకంటె గొప్ప పని మఱియొకటి కలదు. 1917లో మద్రాసున భారత మహిళా సంఘము పుట్టెను. ఆ సంవత్సరము డిసెంబరులో సరోజినీ నాయుడు ముందు నడువగా స్త్రీల ప్రతినిధి బృందము మంత్రి మాంటేగును కలిసి వోటు హక్కు నడిగెను. ఆ బృందమును కూర్చినది మార్గరెటు కజిన్సు. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు, ఆస్తి మొదలగు నియమములకు లోబడి, ఆ హక్కు నిచ్చినది. ఈమె తన దేశపు పోరాటమును మన దేశమునకు తెచ్చినది. మన దేశపు స్త్రీల మాటను తమ నోటనే పలుకనిచ్చినది. మొదట చెప్పిన బోధకుల విద్యకును దీనికిని నడుమ నున్న భేదమిదియే.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపదగినవి మూడు. మొదటిది, ప్రపంచపు సమస్యలను నేర్పునది పుస్తకముకంటె ఉపాధ్యాయుడు. తాను చూడనిదానిని, తాను బాధపడనిదానిని ఏ పంతులును చెప్పజాలడు. కావున విద్యార్థికంటె ముందుగా ఉపాధ్యాయునికి ప్రపంచముతో పరిచయము కావలెను. రెండవది, రాకపోకలు రెండువైపులను నుండవలెను. మూడవది, దూరపు పాఠము తుదకు దగ్గఱి యన్యాయముమీద వెలుగు పడునట్లు చేయవలెను.

ఈ మూడింటిని చేతబట్టుకొని నేటి గుంటూరు బ్రాడీపేటను చూతము. లైనులు, అడ్డరోడ్లు అను లెక్కలతో చదరముగా దీర్చిన పేట యిది. వకీళ్లకును, వైద్యులకును, చదువులకును పేరుపడినది. ప్రపంచము ఇచ్చటి గోడలమీద ప్రతిదినమును కనబడును. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా దేశముల చదువులకు పంపెదమను బోర్డులు, ఇంగ్లీషు పరీక్షకు తరిఫీదు నిచ్చెదమను బోర్డులు. నూఱు సంవత్సరములకు మించిన కాలము క్రిందట ఒకరిద్దఱు పోయిన దారిన నేడు వేలకొలది పిల్లలు పోవుచున్నారు. తప్పు లేదు. అప్పు చేసియైనను కొడుకును, కూతురును పంపు తల్లిదండ్రుల యాశను హేళన చేయుటకు మనకు హక్కు లేదు. జీవనోపాధి ధర్మమే.

అయినను ఒక ప్రశ్న అడుగవలసియున్నది. ఆ బోర్డులమీద ప్రపంచము ఉద్యోగముగా కనబడుచున్నది, వీసాగా కనబడుచున్నది. మనుష్యులుగా కనబడుచున్నదా? తాను పోవు దేశమున నల్లజాతివారు హక్కులకై యేమి పడిరో, ఆ నేల తొలివాసులకు ఏమి గతి పట్టినదో తెలియక పోవు యువకుడు, అచ్చట తనకే యవమానము జరిగిననాడు దాని మూలము నెఱుగజాలడు. పరీక్షల వత్తిడిలో ఇట్టి చదువునకు సమయ మెక్కడిదని తల్లిదండ్రు లడుగుదురు. ఈ యాక్షేపము నిజమైనది. కాని దీనికి వేఱొక గంట, వేఱొక రుసుము, వేఱొక పుస్తకము అక్కఱలేదు. ఉన్న పాఠమునే లోకమువైపు త్రిప్పిన జాలును.

మన మిరపకాయనే తీసికొందము. 2003లో ఐరోపా దేశములలో భారతదేశపు మిరపపొడియందు సూడాన్ అను నిషిద్ధపు రంగు బయటపడగా అలజడి పుట్టెను. ఆ ఒక్క వార్తతో రసాయనశాస్త్ర పాఠము, వర్తకనీతి పాఠము, భోక్త హక్కుల పాఠము మూడును చెప్పవచ్చును. 2021, 22 సంవత్సరముల పంటకాలమున ఆగ్నేయాసియా ప్రాంతపు నల్ల తామరపురుగు మన మిరపతోటలపై బడి రైతులను నిలువున ముంచినది. ఆ పురుగునకు పొలిమేరలు లేవు. దానిని గూర్చిన జ్ఞానమునకు మాత్రము పొలిమేర లెందుకు? ఆ పురుగును ముందుగా నెఱిగిన దేశమందలి యొక బడిపిల్లకు మన పల్లె బడిపిల్ల ఉత్తరము వ్రాసి, మీ తోటలలో నేమి చేసితిరని యడిగినచో అది ప్రపంచ విద్య. నేడు ఆ యుత్తరము క్షణములో చేరును. 1988లోనే న్యూయార్కు, మాస్కో పాఠశాలలను తంతి సాధనములతో గలిపి పిల్లలచే మాటలాడించిన ప్రయత్నము జరిగినది. శత్రుదేశముల పిల్లలు మాటలాడగలిగినపుడు, రెండు దేశముల మిరప రైతుల పిల్లలు మాటలాడుట అసాధ్యమా?

దీనిలో గృహిణులకు గల పాత్ర చిన్నది కాదు. పిల్లవాడు బడినుండి వచ్చినపుడు ఎన్ని మార్కులు వచ్చినవని యడిగిన తరువాత, నేడు ఏ దేశపు మనుష్యులను గూర్చి చదివితివని అడుగవచ్చును. చదివిన దానికి మన వీధిలో సాటి యేదైన కలదా యని రెండవ ప్రశ్న వేయవచ్చును. అమ్మాయి అట్టి ప్రశ్న వేసినపుడు, ఆడపిల్లకు ఇవన్నియు నెందుకని నోరు మూయింపక, తెలిసినంత చెప్పి తెలియనిదానిని కలిసి వెదకవచ్చును. ఉపాధ్యాయులను కలిసినపుడు ర్యాంకుల మాటతోపాటు ఈ మాటయు అడుగువారు పదిమంది యున్నచో బడియే మాఱును.

ఉన్నవ దంపతులు ఒక చెఱసాలనుండి నవలను, ఒక యింటినుండి బడిని తీసినవారు. వారి కాలమున సముద్రము దాటుట కష్టము. వార్త చేరుట కష్టము. మనకు రెండును సులభములైనవి. సులభమైనదానిని అల్పమైన పనికే వాడుకొందుమా, లేక మాలపల్లిని చూడగల కన్నును మన పిల్లలకు ఇచ్చుటకు వాడుదుమా యన్నది మన చేతిలోని నిర్ణయము. సముద్రము దాటబోవు కుమారునకు మనము కట్టియిచ్చు మూటలో ఆవకాయతోపాటు ఈ విచారమునుగూడ నుంచి పంపుదము గాక.