పొట్ట మీదున్న చేనుకి పది రోజులు

కాటన్ దొర అనగానే మనకి గుర్తొచ్చేది గుర్రమెక్కిన విగ్రహం, సముద్రంలో కలిసిపోయే గోదావరిని పొలాలకి మళ్ళించిన కథ. కథ తప్పని అనను గానీ, అందులో సగమే ఉందని నాకు మా చేను నేర్పింది.

మాది కాలవ శివారు. నేను ఇంజినీరింగు చదివేటప్పుడు ఒక ఏడు సార్వాలో, సరిగ్గా వరి పొట్ట మీదుండగా, పైన గండి పడి పది రోజులు నీళ్ళు రాలేదు. తర్వాత కావలసినన్ని వచ్చాయి. చేను పచ్చగానే ఉంది. తీరా నూర్చాక గడ్డి వాములకి వాములు, గింజలేమో తాలు. నాన్న తూర్పారబడుతుంటే మా ఫీజు డబ్బులు గాల్లో ఎగిరిపోవడం కళ్ళారా చూశాను.

పిలకలేసేటప్పుడు ఎండితే వరి కొంత కోలుకుంటుంది. వెన్ను లోపల తయారయ్యేటప్పుడు, పూత మీదున్నప్పుడు ఆ వెసులుబాటు లేదు. పుప్పొడి చచ్చుబడుతుంది, వెన్ను పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు, గింజ పాలు పోసుకోదు. మన భాషలో రీట్రై లేని ట్రాన్సాక్షన్ అన్నమాట.

ఇప్పుడు ఆనకట్టకి ముందు డెల్టాని ఊహించుకోండి. ఆగస్టులో వరద ముంచేస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో నది దిగిపోతుంది, అప్పటి ఐదారు నెలల సార్వా వరి పొట్టకొచ్చేదీ ఆ రోజుల్లోనే. ఏరు కళ్ళ ముందే ఉంటుంది, నీళ్ళు మాత్రం కాలవకెక్కవు. 1832-33 నందన కరువులో, పక్కనే కృష్ణ ఉన్న గుంటూరు జిల్లాలో ఐదు లక్షల మందిలో రెండు లక్షల దాకా పోయారని అంచనా.

1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం దగ్గర కాటన్, వీణం వీరన్న లాంటివాళ్ళు కట్టింది నీళ్ళు దాచుకునే జలాశయం కాదు. నది తగ్గినా మట్టాన్ని ఎత్తుగా నిలబెట్టి కాలవల్లోకి పంపే అడ్డుకట్ట. అంటే అది ఇచ్చింది నీళ్ళకన్నా ముఖ్యంగా అదను. (కంపెనీవాళ్ళు ధర్మానికేం ఒప్పుకోలేదు లెండి, శిస్తు లెక్కలు చూసుకున్నాకే.) 1876-78 కరువులో రాయలసీమ శవాల దిబ్బయితే, గోదావరి డెల్టాలో వరి పండింది. మన పక్క జిల్లాల గురించి చెప్పుకోవడానికి గర్వపడే సంగతేం కాదది.

పాత ఆనకట్ట స్థానంలో 1982కి బ్యారేజీ వచ్చింది. అదీ పెద్దగా నిల్వ చేసేది కాదు. దాళ్వాకి ఏటా సీలేరు నుంచి వదిలే నీళ్ళకోసం ఎదురుచూడాల్సిందే. మా శివారుకి అవి చేరేది అందరికన్నా ఆఖర్న.