అబర్‌డవీ బడి, భువనగిరి బండ

పిల్లలను కొండలెక్కించడం, పడవ నడిపించడం ఇవాళ బడుల ప్రకటనల్లో వేసవి వినోదంలా కనిపిస్తుంది గానీ, ఆ పద్ధతి యుద్ధకాలంలో పుట్టింది. 1941లో వేల్స్ తీరాన అబర్‌డవీలో ఔట్‌వర్డ్ బౌండ్ పేరుతో మొదటి సాహస శిక్షణ బడి తెరుచుకుంది. దాని వెనక ఉన్నది హిట్లర్‌ను ఎదిరించి జైలుకెళ్లి, 1933లో జర్మనీ విడిచిన ఉపాధ్యాయుడు కర్ట్ హాన్, బ్లూ ఫన్నెల్ ఓడల కంపెనీకి చెందిన లారెన్స్ హోల్ట్. టార్పెడో దెబ్బకు ఓడ మునిగితే ముదురు నావికుల కంటే కుర్రవాళ్లే ముందు నిబ్బరం కోల్పోతున్నారని హోల్ట్ నమ్మకం. ఆ నమ్మకం సంగతి ఎలా ఉన్నా, నెల రోజుల శిక్షణలో ఓడ అప్రెంటిస్‌లూ, పోలీసు కేడెట్లూ, పేరున్న బడుల పిల్లలూ ఒకే జట్టులో తెడ్డు వేశారు. వర్గభేదాలు అంత గట్టిగా ఉన్న బ్రిటన్‌లో అసలు కొత్తదనం ఇదేనని నా అభిప్రాయం. సముద్రం దానికొక సాకు.

నెల రోజుల్లో శీలం మారుతుందా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. బండ మీద చూపిన ధైర్యం తరగతి గదిలోకి దానంతటదే నడిచిరాదు. 1997లో విద్యా పరిశోధకుడు జాన్ హ్యాటీ బృందం ఇలాంటి శిబిరాలపై జరిగిన 96 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. ఆత్మవిశ్వాసం, స్వీయ నియంత్రణ పెరగడమే కాదు, శిబిరం ముగిశాక కూడా ఆ మేలు పెరుగుతూ వచ్చిందని తేల్చింది. అయితే ఫలితాలు శిబిరానికీ శిబిరానికీ బాగా తేడాగా ఉన్నాయి. ఎక్కువ రోజులు నడిచినవి మెరుగ్గా పనిచేశాయి. రెండు రోజుల విహారాన్ని వ్యక్తిత్వ వికాసం పేరుతో అమ్మేవారికి ఇది మింగుడుపడని మాట.

మన దగ్గర 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు నిండలేదు. నేపాల్ వైపు 16 ఏళ్ల నిబంధన ఉన్నందున టిబెట్ వైపు నుంచి వెళ్లారు. అంత ప్రమాదంలోకి పిల్లలను పంపవచ్చా? క్షేమంగా తిరిగి రావడం ఆ ప్రశ్నకు జవాబు కాదు. కానీ సాహసం డబ్బున్నవాళ్ల సరదా అన్న వాదన ఆ రోజుతో చెల్లకుండా పోయింది. అందరికీ పనికొచ్చేది వాళ్లు చేరిన శిఖరం కంటే దానికి ముందు భువనగిరి బండ మీద, డార్జిలింగ్‌లో, లద్దాఖ్ చలిలో సాగిన శిక్షణే. కనుక పిల్లలను శిబిరానికి పంపే తల్లిదండ్రులు ఎంత ఎత్తు ఎక్కిస్తారని అడగవద్దు. ఎన్ని రోజులు ఉంచుతారు, జట్టులో ఎవరెవరుంటారు, తాడు పట్టే మనిషికి శిక్షణ ఉందా అని అడగండి.