9ఇ10 ప్రతిరక్షకం

9ఇ10 అనేది మానవుని సి-మిక్ ప్రోటీనును గుర్తించే ఒక మోనోక్లోనల్ ప్రతిరక్షకం. ఇది చిట్టెలుక కణాల నుండి రూపొందిన ఐజీజీ1 తరగతి ప్రతిరక్షకం. "మిక్ ట్యాగు" చేర్చిన ప్రోటీన్లను ప్రయోగశాలలలో గుర్తించడానికి దీనిని విరివిగా ఉపయోగిస్తారు.

చరిత్ర

ఒకే కణవంశం నుండి ఒకే రకమైన ప్రతిరక్షకాన్ని ఉత్పత్తి చేసే హైబ్రిడోమా పద్ధతిని 1975లో జార్జెస్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్‌లు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కనుగొన్నారు. నీల్స్ యెర్నేతో పాటు వీరికి 1984లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఈ పద్ధతి ద్వారానే జెరార్డ్ ఇవాన్, మైకేల్ బిషప్ తదితరులు 9ఇ10ను రూపొందించి 1985లో ప్రకటించారు.

గుర్తించే భాగం

సి-మిక్ ప్రోటీనులో 410 నుండి 419 వరకు గల 10 అమైనో ఆమ్లాల వరుసకు ఈ ప్రతిరక్షకం అంటుకుంటుంది. ఈ వరుసను జన్యు ఇంజనీరింగు ద్వారా ఇతర ప్రోటీన్లకు చేర్చవచ్చు. కనుక పరిశోధించే ప్రతి ప్రోటీనుకూ వేరొక ప్రతిరక్షకాన్ని తయారు చేయనవసరం లేదు. అయితే మానవ కణాలలో సహజంగా ఉండే సి-మిక్‌ను కూడా ఇది గుర్తిస్తుంది. అందువలన ట్యాగు లేని కణాల నమూనాను కూడా పక్కనే ఉంచి పోల్చి చూడాలి. లేనిచో సహజ ప్రోటీను పట్టీని ట్యాగు ప్రోటీనుగా పొరబడే ప్రమాదం ఉంది. చిట్టెలుక సి-మిక్‌లో ఈ వరుస భిన్నంగా ఉన్నందున దానిని ఇది గుర్తించదు.

వెస్టర్న్ బ్లాట్‌లో వినియోగం

* ప్రోటీన్లను జెల్‌పై పరిమాణాన్ని బట్టి వేరుచేసి, నైట్రోసెల్యులోజ్ పొర మీదికి బదిలీ చేస్తారు.
* పొరపై ఖాళీ స్థలాలను వెన్న తీసిన పాలపొడి ద్రావణంతో కప్పివేస్తారు.
* పలుచన చేసిన 9ఇ10లో పొరను గది ఉష్ణోగ్రత వద్ద ఒక గంట లేదా 4° సెల్సియస్ వద్ద రాత్రంతా ఉంచుతారు.
* పొరను కడిగి, పెరాక్సిడేజ్ ఎంజైము జతచేసిన ద్వితీయ ప్రతిరక్షకాన్ని వేస్తారు. ఇది చిట్టెలుక ప్రతిరక్షకాలకు అంటుకుంటుంది.
* మళ్ళీ కడిగి లూమినాల్ ద్రావణం కలిపినపుడు, ప్రోటీను ఉన్నచోట వెలుగు వెలువడుతుంది.

తగిన పలుచనను ప్రతి ప్రయోగశాల స్వయంగా పరీక్షించి నిర్ణయించుకోవాలి. ద్వితీయ ప్రతిరక్షకం మాత్రమే వేసిన పొరపై కూడా పట్టీ కనిపిస్తే, అది 9ఇ10 వలన వచ్చినది కాదని గ్రహించాలి.

నిల్వ

కొద్ది వారాల వాడకానికి ప్రతిరక్షకాన్ని 2 నుండి 8° సెల్సియస్ మధ్య ఉంచవచ్చు. దీర్ఘకాలానికి చిన్న చిన్న భాగాలుగా విభజించి -20° వద్ద నిల్వ చేస్తారు. పదేపదే గడ్డకట్టించి కరిగించినచో అణువులు ముద్దకట్టి, అంటుకొనే శక్తి తగ్గుతుంది. ద్రావణంలో 50 శాతం గ్లిజరాల్ ఉంటే -20° వద్ద కూడా గడ్డకట్టదు. తనంతట తానే మంచు కరిగించుకొనే ఫ్రీజర్లలో ఉష్ణోగ్రత మారుతుంటుంది కనుక అవి దీనికి అనువైనవి కావు.

సూక్ష్మజీవులు పెరగకుండా 0.02 శాతం సోడియం ఎజైడ్ కలపడం పరిపాటి. ఇది విషపదార్థం. పెరాక్సిడేజ్ ఎంజైమును కూడా అడ్డుకుంటుంది కనుక ద్వితీయ ప్రతిరక్షక ద్రావణంలో దీనిని కలపరాదు. రాగి, సీసపు గొట్టాలలో ఎజైడ్ చేరితే పేలుడు స్వభావం గల లవణాలు ఏర్పడగలవు. కావున దీనిని సింకులో పారబోయరాదు.