డోపింగ్
క్రీడల్లో ఈ మాట వినిపిస్తే మచ్చ. చిప్‌ల తయారీలో ఇదే ప్రాణం. మూలం డచ్చి భాషలోని 'డోప్', అంటే నంజుకునే పులుసు. అమెరికా చేరాక చిక్కని ద్రవాలకూ, నల్లమందుకూ, పందెపు గుర్రాలకిచ్చే మందుకూ పేరైంది. సిలికాన్ దగ్గరికొచ్చేసరికి కావాలని కలిపే మలినమైంది. ఇంత నిక్కచ్చి పనికి 'మలినం' అన్న మాట నాకు అన్యాయంగానే తోస్తుంది.

సిలికాన్ 1414 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. ఆ ద్రవంలో లేశమంత బోరాన్ గానీ ఫాస్ఫరస్ గానీ వేసి, చిన్న విత్తన స్ఫటికాన్ని తాకించి, తిప్పుతూ మెల్లగా పైకి లాగుతారు. పోలండ్ శాస్త్రవేత్త చొహ్రాల్‌స్కీ 1916లో కనిపెట్టిన పద్ధతికిది కొనసాగింపు. పెరిగిన కడ్డీని పలుచగా కోసి నునుపు చేస్తే వేఫర్లు. కోట్ల సిలికాన్ పరమాణువుల మధ్య ఒక్కటి చాలు: ఫాస్ఫరస్ అయితే ఓ ఎలక్ట్రాన్‌ను అదనంగా తెస్తుంది, బోరాన్ అయితే ఓ ఖాళీని మిగులుస్తుంది.