గూడూరు ప్రాంత యువత, భాషా పరిశోధన: రికార్డు చేసిన మాటకు సమ్మతి

సారాంశం

భాష, అస్తిత్వం అనే అంశాలపై యువతీయువకులతో ఇంటర్వ్యూలు జరిపి రికార్డు చేసే పరిశోధనలో సమ్మతి ఎవరు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, అది ఎంతకాలం చెల్లుతుంది అన్న ప్రశ్నలను ఈ వ్యాసం గూడూరు ప్రాంతపు భాషా పరిస్థితిని ఆధారంగా తీసుకొని చర్చిస్తుంది. తల్లిదండ్రుల సంతకం, కళాశాల అనుమతి అవసరమే గాని అవి మాట్లాడినవారి సమ్మతికి బదులు కావు. యువత సమ్మతిని రికార్డింగుకు ముందు ఒకసారి, తమ గొంతు తాము విన్నాక ఒకసారి, 18 ఏళ్ళు నిండాక మరొకసారి అడగాలని వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: సమ్మతి, రికార్డింగు, యువత, దక్షిణ మాండలికం, పట్టపువారు, యానాదులు, గూడూరు.

1. సమస్య

యువత మాట మీద భాషాశాస్త్రజ్ఞులకు మొదటి నుంచీ ప్రత్యేకమైన ఆసక్తి ఉంది. భాషలో వచ్చే మార్పు వాళ్ళ నోట ముందుగా వినిపిస్తుంది. అమెరికాలోని మార్తాస్ విన్‌యార్డ్ ద్వీపం మీద విలియం లబోవ్ 1963లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ద్వీపంలోనే స్థిరపడాలనుకునే యువకుల ఉచ్చారణలో స్థానిక లక్షణం బలంగా ఉందని, బయటికి వెళ్ళిపోదలచినవాళ్ళలో అది తగ్గిందని ఆయన చూపించారు. పెనెలోపి ఎకర్ట్ 1989లో ప్రచురించిన పుస్తకం డెట్రాయిట్ శివారులోని ఒక హైస్కూలు విద్యార్థుల గురించినది. బడిలో వాళ్ళు ఏర్పరచుకున్న వర్గాలకూ వాళ్ళు వచ్చిన సామాజిక తరగతికీ ఉన్న సంబంధాన్ని ఆమె వివరించారు. ఆ వర్గభేదాలు ఉచ్చారణలోనూ వ్యక్తమవుతాయని ఆమె పరిశోధన చూపింది.

ఈ రెండు అధ్యయనాలు భాషాశాస్త్రానికి ఇచ్చిన పాఠంలోనే ఒక నైతిక ప్రశ్న కూడా ఉంది. ఊళ్ళో ఉండాలనుందా, వెళ్ళిపోవాలనుందా అన్నది ఒక అచ్చు పలికే తీరులోనే తెలిసిపోతుంటే, పదహారేళ్ళ అబ్బాయి తాను చెప్పదలచుకున్న దానికంటే ఎక్కువే మనకు చెబుతున్నాడు. చెప్పిన మాటకు అతను ఒప్పుకున్నాడు. చెప్పకుండానే బయటపడిన సంగతికి ఒప్పుకున్నాడా? ఇంటిభాష, కులం, వాడ, చదువు, ఆశలు అన్నీ గొంతులో కలిసి ఉంటాయి. వాటిని విడదీసి చూడడమే భాషాస్తిత్వ పరిశోధన. కాబట్టి ఇక్కడ సమ్మతి ప్రశ్నావళికి మాత్రమే పరిమితం కాదు. పరిశోధకుడు ఏమి వినబోతున్నాడో మాట్లాడేవారికి తెలియాలి.

2. గూడూరు భాషా పరిస్థితి

గూడూరు చెన్నై–విజయవాడ రైలుమార్గంలోని కూడలి. ఇక్కడి నుంచే రేణిగుంట వైపు మరో మార్గం చీలుతుంది. చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, నెల్లూరు 40 కిలోమీటర్ల లోపు. అభ్రకం గనులకు, నిమ్మకాయల మార్కెట్టుకు పేరుపొందిన ఈ పట్టణం చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్‌లో జరిగిన పునర్విభజనలో తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. భాష మాత్రం జిల్లా గీతలను పట్టించుకోలేదు. తెలుగును నాలుగు ప్రధాన మాండలికాలుగా విభజించిన భద్రిరాజు కృష్ణమూర్తి వర్గీకరణలో నెల్లూరు రాయలసీమతో కలిసి దక్షిణ మాండలికంలో చేరుతుంది. ‘ఏంది’, ‘యాడికి’ అనే మాటలు ఇంట్లో ఎంత సహజమో, ఇంటర్ కళాశాల హాస్టల్లో చేరిన కొన్నాళ్ళకు అంత జాగ్రత్తగా దాచుకోవలసినవి అవుతాయి. ఆ దాచుకోవడమే పరిశోధకునికి విలువైన సమాచారం. విద్యార్థికి అది బయటపడితే నామోషీ.

గూడూరుకు తూర్పున చిల్లకూరు, కోట, వాకాడు మండలాల మీదుగా సముద్రం వైపు పోయేకొద్దీ చిత్రం మారుతుంది. నెల్లూరు తీరంలోని పట్టపు మత్స్యకారులు ఇళ్ళల్లో తమిళానికి దగ్గరైన మాట మాట్లాడతారు. బడి, అంగడి, ఆఫీసుల్లో తెలుగే వాడతారు. ఆ కుటుంబాల పిల్లలను ‘మీ మాతృభాష ఏది?’ అని అడగడం అమాయకమైన ప్రశ్న కాదు. తెలుగు అంటే ఇంటిని కాదన్నట్టు, ఇంటిమాట అంటే తరగతిలో వేరుపడినట్టు. రికార్డరు ముందు ఆ జవాబు ఇవ్వడమంటే ఒక పక్షం తీసుకోవడమే.

యానాదుల సంగతి వేరు. పాత నెల్లూరు జిల్లాలో అత్యధిక సంఖ్యలో ఉన్న గిరిజనులు వీరే. మాట్లాడేది తెలుగే. కానీ వాళ్ళ తెలుగును వినగానే ఎక్కడివాళ్ళో, ఎవరో పోల్చుకునే చెవులు ఈ ప్రాంతంలో చాలా ఉన్నాయి. వీళ్ళ విషయంలో పరభాష సమస్య లేదు. గుర్తింపే సమస్య.

3. రికార్డుల చరిత్ర

ఈ ప్రాంతంలో మనుషులను రికార్డులకెక్కించిన చరిత్ర భాషాశాస్త్రంతో మొదలుకాలేదు. నేరస్థ తెగల చట్టం 1871లో వచ్చింది. 1911 సవరణ తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలోనూ అమలైంది. ఆ చట్టం కింద ప్రకటించిన తెగలవారి పేర్లు రిజిస్టర్లలో ఎక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు, కదలికల మీద నిఘా పెట్టారు. నెల్లూరు జిల్లాలోని కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటు ఈ విధానంలో భాగమే. చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. యానాదుల హక్కుల కోసం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య 1962లో వారి గురించి ఆంగ్లంలో గ్రంథం వెలువరించారు. అధికారులు రాసుకున్న రిజిస్టర్లకూ ఒక సేవకుడు వారి పక్షాన రాసిన పుస్తకానికీ ఉన్న తేడా గుర్తించవలసిందే. అయినా రెండింటిలోనూ కలం బయటివారి చేతిలోనే ఉంది.

ఈ నేపథ్యంలో ఒక కాగితం మీద సంతకమో వేలిముద్రో వేయమనడం అన్ని ఇళ్ళల్లో ఒకే అర్థం ఇవ్వదు. విశ్వవిద్యాలయానికి అది పాల్గొనేవారి రక్షణ పత్రం. తాతల కాలం నుంచి ముద్ర వేసినప్పుడల్లా ఏదో ఒకటి పోగొట్టుకున్న కుటుంబానికి అదే భయకారణం. సంతకం ఉంది కాబట్టి సమ్మతి ఉంది అనే లెక్క ఇక్కడ తప్పుతుంది.

గొంతులను భద్రపరచిన చరిత్ర కూడా గమనించాలి. గ్రియర్సన్ భారత భాషా సర్వేకు అనుబంధంగా 1913–1929 మధ్య గ్రామఫోను రికార్డులు తయారయ్యాయి. సర్వే ప్రధాన భాగానికి బయట ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ భాషలు కూడా ఈ రికార్డుల్లోకి వచ్చాయి. నూరేళ్ళ కిందట గ్రామఫోను ముందు నిలబడి మాట్లాడినవారి గొంతులు ఇవాళ ఇంటర్నెట్టులో ఎవరైనా వినవచ్చు. భాషా చరిత్రకు అది గొప్ప సంపద. కానీ ఆనాడు మాట్లాడినవారు ఎంతదూరం ఊహించి ఒప్పుకోగలిగి ఉంటారు? నేటి పదిహేడేళ్ళ అమ్మాయి కూడా తన గొంతు ముప్పై ఏళ్ళ తరువాత ఏ యంత్రం చేతికి చిక్కుతుందో ఊహించలేదు. గొంతును బట్టి మనిషిని గుర్తించే, గొంతును అనుకరించి కొత్త మాటలు పలికించే పరికరాలు ఇప్పటికే వచ్చాయి.

4. చట్టం ఇచ్చేది, ఇవ్వనిది

2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళు నిండనివారందరినీ బాలలుగా పరిగణిస్తుంది. వారి సమాచారాన్ని వాడుకోవడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కావాలంటుంది. సమ్మతి స్వేచ్ఛగా, ఫలానా పని కోసమని స్పష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఇచ్చినంత సులువుగా ఉపసంహరించుకునే వీలుండాలి. దీని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరగాలి. అయితే నిర్దేశించిన ప్రమాణాలు పాటిస్తూ, ఆ సమాచారంతో ఫలానా వ్యక్తి గురించి ఏ నిర్ణయమూ తీసుకోనంతవరకు పరిశోధనకు చట్టం మినహాయింపు ఇస్తుంది. అంటే చట్టం తలుపు దగ్గరే ఆగుతుంది. లోపల ఎలా ప్రవర్తించాలో పరిశోధకుని మనస్సాక్షికి వదిలేసింది.

సమ్మతి కోరే పత్రం ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో గాని చదువుకునే వీలుండాలని కూడా ఈ చట్టం చెబుతుంది. తెలుగు వారికి ఇది మేలు. పట్టపువారి ఇంటిమాటకు, గిరిజనులైన ఎరుకలవారి కుర్రు భాషకు ఆ షెడ్యూలులో చోటు లేదు. ఏ భాష గురించి పరిశోధన జరుగుతుందో ఆ భాషలో సమ్మతి అడిగే బాధ్యత చట్టం మోపలేదు. పరిశోధకుడే దాన్ని నెత్తికెత్తుకోవాలి.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు మరికొంత ముందుకు వెళ్ళాయి. తల్లిదండ్రుల సమ్మతికి తోడు 7–12 ఏళ్ళ పిల్లల నోటి ఆమోదం, 12–18 ఏళ్ళవారి లిఖిత ఆమోదం కావాలన్నాయి. అధ్యయనం నడుస్తుండగా పాల్గొన్నవారు పెద్దవారైతే సమ్మతి మళ్ళీ తీసుకోవాలన్నాయి. ఇవి వైద్య, ఆరోగ్య పరిశోధనల కోసం రాసినవి. భాషా పరిశోధనకు నేరుగా వర్తించకపోయినా స్వీకరించదగినవి. బాలల హక్కుల ఒడంబడిక (1989) 12వ అధికరణం కూడా తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఇచ్చింది. భారతదేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది.

భాష విషయంలో పిల్లలను పక్కనపెట్టి పెద్దలను అడిగే అలవాటు మన రాష్ట్రానికి కొత్తది కాదు. ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని తప్పనిసరి చేసిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేశాక, ప్రభుత్వం తల్లిదండ్రుల నుంచి ఐచ్ఛికాలు సేకరించింది. 96 శాతానికి పైగా ఇంగ్లీషునే కోరుకున్నారని ప్రకటించింది. ఏ మాధ్యమం మేలన్నది ఇక్కడి చర్చ కాదు. ఆ భాషలో రోజంతా కూర్చుని చదవవలసినవారి మాట ఆ అంకెలో లేదు.

5. అనుమతుల వరస

గూడూరు వంటి పట్టణంలో పరిశోధకుడు ముందుగా కళాశాల ప్రిన్సిపాలును కలుస్తాడు. ఆయన సరేనంటే అధ్యాపకుడు తరగతికి తీసుకువెళ్ళి, ‘సారు మీతో మాట్లాడతారు, సహకరించండి’ అంటాడు. ఆ క్షణంలోనే పిల్లల సమ్మతి సగం చచ్చిపోతుంది. సారు చెప్పాక కాదనడం మన తరగతి గదుల్లో మర్యాద కాదు. తీరగ్రామంలో కుల పెద్ద, కాలనీలో సంఘం నాయకుడు ఒప్పుకున్నాక వచ్చే మౌనం కూడా ఇటువంటిదే. ఈ అనుమతులు లోపలికి రానిచ్చేవి మాత్రమే. వాటిని సమ్మతిగా లెక్కవేయకూడదు.

ఇంటర్ రెండో సంవత్సరంలో ఒకే బెంచీ మీద పదిహేడేళ్ళవారు, పద్దెనిమిది నిండినవారు కలిసి కూర్చుంటారు. చట్టం ప్రకారం ఒకరికి తండ్రి సంతకం కావాలి, మరొకరికి అక్కర్లేదు. ఇద్దరి ఆలోచనా శక్తిలో అంత తేడా లేదు. ఇద్దరికీ ఒకే శ్రద్ధతో వివరించి, మైనరు విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని అదనంగా తీసుకోవడమే న్యాయం. తండ్రి ఒప్పుకొని కొడుకు వద్దంటే, ఆ వద్దు చెల్లాలి.

6. మూడు మజిలీల సమ్మతి

మొదటి మజిలీ రికార్డింగుకు ముందు. అధ్యాపకులు లేని చోట, ఆ ప్రాంతపు మాటలోనే, నోటితో వివరించాలి. ఇలా: ‘అబ్బయ్యా, నువ్వు మాట్లాడేది ఈ ఫోన్లో రికార్డవుతుంది. ఏం చెప్పావో ఒక్కటే కాదు, ఎట్లా పలుకుతావో కూడా మేం చూస్తాం. మీ సారుకు గానీ మీ నాయనకు గానీ వినిపించం. వద్దనిపిస్తే ఇప్పుడే చెప్పు, మధ్యలోనైనా ఆపు. వద్దన్నావని నీ మార్కులకేం కాదు.’ ఒప్పుకున్న మాటను కూడా రికార్డు చేయవచ్చు. అప్పుడు సంతకం అంటే భయపడే ఇంట్లో కాగితం అడ్డం రాదు.

రెండో మజిలీ విన్న తరువాత. చాలామంది యువత తమ సహజమైన మాటను మొదటిసారి శ్రద్ధగా వినేది అప్పుడే. రికార్డింగు పూర్తిగా వినిపించి, తీసేయవలసిన భాగాలను వారినే ఎంచుకోమనాలి. వాడకాలను కూడా విడివిడిగా అడగాలి: పరిశోధకుడు ఒక్కడే వినడం, వ్యాసంలో లిఖితంగా ఉదహరించడం, సదస్సులో గొంతు వినిపించడం, ఆర్కైవులో ఉంచడం, కంప్యూటరు నమూనాల శిక్షణకు ఇవ్వడం. మొదటిదానికి ఒప్పుకున్నవారు చివరిదానికి ఒప్పుకున్నట్టు కాదు. పేరు మార్చినంత మాత్రాన రక్షణ దొరకదని కూడా చెప్పాలి. చిన్న ఊళ్ళో నాన్న కొట్టు, అమ్మ పుట్టిల్లు, బడి పేరు ఈ మూడూ చాలు, ఎవరో పట్టేయడానికి.

మూడో మజిలీ 18 ఏళ్ళు నిండాక. పదహారేళ్ళప్పుడు సరదాగా చెప్పిన మాట, ఉద్యోగానికి చెన్నై వెళ్ళాకో పెళ్ళి సంబంధం చూసేటప్పుడో బరువు కావచ్చు. అందుకే మైనరు గొంతును తాత్కాలిక నిల్వగా భావించి, మేజరయ్యాక తిరిగి అడగాలి. ఔనన్న జవాబు వస్తేనే ఆర్కైవులో శాశ్వతంగా ఉంచాలి. మనిషి దొరకకపోతే గొంతును బయటికి విడుదల చేయకుండా విశ్లేషణ ఫలితాలను మాత్రమే నిలుపుకోవాలి.

7. ఒక అభ్యంతరం

ఇంత వివరిస్తే సహజమైన మాట దొరకదని భాషాశాస్త్రజ్ఞులు అంటారు. ఎవరూ గమనించనప్పుడు మనుషులు ఎలా మాట్లాడతారో తెలుసుకోవాలంటే గమనించక తప్పదన్న చిక్కును లబోవ్ ఏనాడో గుర్తించారు. ఆయన వెదికిన పరిష్కారం రహస్య రికార్డింగు కాదు. మాట్లాడేవారు తమను తాము మరచిపోయేంత గాఢమైన అనుభవాలను చెప్పించడం ఆయన చూపిన దారి. తెలుగు పరిశోధనలోనూ దారి ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటానికి రైతులు తమ పనిముట్ల గురించి, పనుల గురించి చెప్పిన మాటలే ఆధారం. తమకు బాగా తెలిసిన పని గురించి మాట్లాడేటప్పుడు ఎవరికీ నామోషీ ఉండదు. వల అల్లకం గురించి, క్రికెట్ టోర్నమెంటు గురించి, హాస్టలు భోజనం గురించి అడిగితే యువత నోటి నుంచి సహజమైన మాట తప్పక వస్తుంది. పైగా తన మాట ఎందుకు విలువైనదో తెలిసిన విద్యార్థి పరిశోధనలో భాగస్వామి అవుతాడు. ‘మేం ఇంట్లో ఇట్లా అనం, ఇట్లా అంటాం’ అని సరిదిద్దే ఆ విద్యార్థి ఏ ప్రశ్నావళి కంటే ఎక్కువ నేర్పుతాడు.

8. ముగింపు

ఈ పద్ధతి పాటిస్తే కొన్ని రికార్డింగులు పోతాయి. ఇష్టం లేనివారు తప్పుకుంటారు, కొందరు విన్నాక తీసేయమంటారు, మరికొందరు మేజరయ్యాక కాదంటారు. ఆ నష్టాన్ని పరిశోధన భరించాలి. కాదనే వీలు లేని చోట దొరికిన ఔనుకు శాస్త్రీయంగా కూడా విలువ తక్కువ. బెదురుతో మాట్లాడిన మాట ఆ మనిషి భాషకు నమూనా కాలేదు.

నెల్లూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం, ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం ఉన్నాయి. నెల్లూరు తీరపు భాషల మీద రాబోయే పరిశోధనకు ఇవి సహజమైన వేదికలు. యువత గొంతును రికార్డు చేసే ప్రతి ప్రాజెక్టుకు మూడు మజిలీల సమ్మతిని షరతుగా పెట్టడం, ఇంటిభాషలో వివరించే నోటి నమూనాలను తయారుచేయడం, తిరిగి అడిగే బాధ్యతకు బడ్జెట్టులోనే చోటివ్వడం ఇటువంటి సంస్థలు వెంటనే చేయగల పనులు. పట్టపు పల్లెలోని అమ్మాయికి, యానాది కాలనీలోని అబ్బాయికి తమ మాట మీద మొదటి అధికారం తమదేనని పరిశోధకుడే చెప్పాలి. చెప్పడంతో ఆగకుండా, వారు వద్దన్న రోజున రికార్డింగును తుడిచేసి ఆ మాట నిలబెట్టుకోవాలి.