డిటెక్టరుకు వినబడని చరిత్ర



మన బళ్లారి సీమలో పాడుపడిన గుడి కనబడితే చాలు, దాని క్రింద లంకెబిందెలు ఉన్నాయన్న మాట పుడుతుంది. పూర్వం ఆ మాట రచ్చబండ దగ్గర కథగా మొదలై కథగానే ముగిసేది. మెటల్ డిటెక్టరు అందుబాటులోకి వచ్చిన తరువాత ఆ కథ వెంట గునపం కూడా అడవికి బయలుదేరుతున్నది. చోరనూరు ఉన్న సండూరు తాలూకా కొండల నడుమ తెలుగు చదువుకొనే పిల్లలకు ఈ విషయమై నాలుగు మాటలు చెప్పడం ఉపాధ్యాయుల బాధ్యత అని నా నమ్మకం.

మొదట యంత్రం సంగతి చూడండి. తీగచుట్టలో విద్యుత్తు ప్రవహించి అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. దగ్గరలో లోహముంటే ఆ క్షేత్రం మారుతుంది, యంత్రం మ్రోగుతుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు శరీరంలోని తుపాకీ గుండును వెదకడానికి గ్రాహంబెల్ ఇటువంటి పరికరాన్నే వాడి విఫలుడయ్యాడు. ఇనుప ఖనిజం అధికంగా గల నేల యంత్రాన్ని తికమక పెట్టగలదు. సండూరు కొండలు ఇనుముకూ మాంగనీసుకూ పేరెన్నిక గన్నవి. ఇక్కడ యంత్రం మ్రోగినంత మాత్రాన నిధి ఉన్నదనుకోవడం అమాయకత్వం.

ఇక విజయనగర నిధుల మాట. 1565 నాటి యుద్ధంలో ఓటమి తరువాత రాజకుటుంబం 550 ఏనుగులపై ధనరాశులను తరలించుకొని పెనుగొండ వైపు వెళ్లిందని రాబర్టు సూయెల్ 1900లో ప్రచురించిన తన గ్రంథంలో వ్రాశాడు. ఆ లెక్క ఎంతవరకు నిజమైనా, కథ చెప్పేది ధనం తరలిపోయిందనే కదా! అయినా గునపాలు ఆగలేదు. 2019 జూలైలో ఆనెగొంది వద్ద తుంగభద్ర నడుమనున్న నవబృందావనంలో, శ్రీకృష్ణదేవరాయలకు గురుతుల్యులైన వ్యాసరాయల బృందావనాన్ని నిధి ఆశతో పగులగొట్టారు. భక్తులు వెంటనే దానిని తిరిగి నిర్మించారు. ఆ కేసులో పట్టుబడినవారు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారని తెలిసినప్పుడు తెలుగువారిగా మనం తల వంచుకోవలసి వచ్చింది.

పాఠకులు ఒక్క విషయం ఆలోచించాలి. మన ప్రాంతపు అతి ప్రాచీన చరిత్రలో చాలా భాగం లోహం కానే కాదు. కుడితిని వంటి చోట్ల ఉన్న బూడిద దిబ్బలను చూడండి. హంపి దగ్గరి నింబాపురం దిబ్బను వాలిని దహనం చేసిన చోటు అని జనం చెప్పుకొంటారు. నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరులో 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు అటువంటి దిబ్బనే పొర పొరగా తవ్వించాడు. అది నవీన శిలాయుగం నాటి పశువుల దొడ్డి అని, పేడ కాలి కాలి దిబ్బగా పెరిగిందని తేలింది. ఆ పొరలలో పశువుల గిట్టల జాడలు సైతం బయటపడ్డాయి. నాలుగు వేల యేండ్లకు పూర్వపు ఆవు అడుగు! దానిని చూచి ఏ డిటెక్టరూ మ్రోగదు. గునపం ఒక్క పోటుతో దానిని మాపివేస్తుంది.

శాసనాలదీ అదే కథ. అశోకుని పేరు స్పష్టంగా గల మస్కి శాసనాన్ని 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు గుర్తించాడు. గుత్తి సమీపాన ఎర్రగుడి శాసనాలను 1929లో ఒక భూగర్భ శాస్త్రజ్ఞుడు వెలుగులోకి తెచ్చాడు. ఇద్దరూ ఖనిజాల విద్య నేర్చినవారే. అయినా రాతిమీది గీతలను అక్షరాలుగా గుర్తించారు. అశోకుని పేరు గల నిట్టూరు, ఉదేగోళం శాసనాలు మన బళ్లారి సీమలోనివే అని మీ పిల్లలకు చెప్పండి.

లోహపు వస్తువు దొరికినా దాని విలువ అది ఉన్న చోటులో ఉన్నది. ఏ పొరలో, ఏ కుండ పెంకు ప్రక్కన, ఎంత లోతులో దొరికిందో తెలిస్తే ఒక నాణెం ఒక ఊరి కాలాన్ని చెబుతుంది. సంచిలో పడిన తరువాత అది ఉత్త లోహం. ఇంగ్లండులో 2009లో స్టాఫర్డ్‌షైర్ పొలంలో ఒకరికి డిటెక్టరుతో ప్రాచీన బంగారు నిధి కనబడింది. ఆయన అధికారులకు తెలిపిన తరువాత నిపుణులు ఆ పొలాన్ని క్రమపద్ధతిలో తవ్వారు. నిధి విలువను కనుగొన్నవారికీ పొలం యజమానికీ పంచారు. మన దేశంలోనూ 1878 నాటి నిధుల చట్టం, పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలన్నది. కర్ణాటకకు 1962లో ప్రత్యేక చట్టం వచ్చింది. రక్షిత ప్రదేశాలలో అనుమతి లేకుండా తవ్వడం 1958 చట్టం ప్రకారం నేరం.

కనుక ఉపాధ్యాయ మిత్రులారా, పిల్లలకు ఇలా నేర్పండి: అడవిలో వ్రాత గల రాయి, వీరగల్లు, పాత నాణెం ఏది కనబడినా కదపవద్దు. ఆ చోటి పేరు, దగ్గరి చెట్టు, వాగు, గుట్ట పేర్లు తెలుగులో వ్రాసుకొని, బొమ్మ గీసుకొని, పెద్దల ద్వారా తహశీల్దారుకు తెలియజేయండి. 1953లో గీసిన సరిహద్దు మనలను రెండు రాష్ట్రాలుగా విడదీసింది గాని, బూడిద దిబ్బలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి. రెండు వైపుల పిల్లలూ వాటిని చదువగలిగే వరకు అవి చెక్కు చెదరకుండా ఉండాలి.